అంతర్యుద్ధం మీద సినిమా చూడాలంటే ఏది ఎంచుకోవాలి?

అంతర్యుద్ధాల మీద వచ్చిన మంచి సినిమాల జాబితా ఏది తీసినా నాలుగు గంటల ప్రేమకథ, హీరోయే లేని గంటన్నర హంగేరియన్ సినిమా, బాంబులు పడుతుండగా ఒక తల్లి తీసిన డాక్యుమెంటరీ పక్కపక్కనే కనిపిస్తాయి. అన్నిటికీ అవార్డులున్నాయి. అన్నిటినీ తప్పక చూడమనే అంటారు. వారాంతంలో ఒక్కటే చూసే తీరిక ఉన్నవాళ్లకు అలాంటి జాబితా ఎందుకూ పనికిరాదు. ఏది ఎవరికి నప్పుతుందో, దేన్ని వదిలేసినా ఫర్వాలేదో ఇక్కడ చెబుతాను. ముగింపులు మాత్రం ఎక్కడా బయటపెట్టను.

ఈ సినిమాలకు నేను ఒక పరీక్ష పెడతాను. కథలోని శత్రువుల్ని తీసేసి, వాళ్ల స్థానంలో వేరే దేశపు సైన్యాన్ని ఊహించుకోండి. కథ ఏ ఇబ్బందీ లేకుండా నడిచిపోతే అది మామూలు యుద్ధ సినిమా. బాగుండొచ్చు, కానీ అంతర్యుద్ధం గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ ఉండదు. కథ అక్కడికక్కడే కుప్పకూలిందా, అయితే మీరు వెతుకుతున్నది అదే. అంతర్యుద్ధంలో ఎదుటి తుపాకీ పట్టుకున్నవాడికి మీ ఇల్లెక్కడో తెలుసు, మీ అమ్మ పేరు తెలుసు, మీరు ఏ బడిలో చదివారో తెలుసు. ఆ ఎరుక తెరమీదికి రాకపోతే ఎన్ని ఫిరంగులు పేల్చినా లాభం లేదు.

## ఇంకా ఏం చూసుకోవాలి

ఒకటి, ముందే ఎంత చరిత్ర తెలిసుండాలి అన్నది. ‘లింకన్’ లాంటి సినిమాలో ఎవరు ఏ పార్టీయో తెలియకపోతే మొదటి అరగంట బుర్ర తిరిగిపోతుంది. ‘నో మ్యాన్స్ ల్యాండ్’కి అసలేమీ తెలియక్కర్లేదు.

రెండోది హింస. రక్తం కనిపించే హింస వేరు, ఏమీ చూపించకుండానే రాత్రి నిద్ర పట్టనివ్వని హింస వేరు. ‘కో వాడిస్, ఐడా?’లో రక్తం దాదాపు కనిపించదు, అయినా ఈ జాబితాలో గుండెల మీద ఎక్కువ బరువు పెట్టేది అదే.

మూడోది, సినిమా చరిత్రను ఎంత మార్చింది అన్నది. మార్చడం తప్పు కాదు. ఎక్కడ మార్చారో మనకు తెలిసుంటే చాలు.

తొందరలో ఉన్నవాళ్లు ఈ పట్టిక చూసి, నచ్చినదాని దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

| సినిమా, సంవత్సరం | ఏ యుద్ధం | నిడివి | ముందే చరిత్ర తెలియాలా | హింస |
|---|---|---|---|---|
| గ్లోరీ, 1989 | అమెరికా | 2 గంటలు | కొద్దిగా | యుద్ధ సన్నివేశాల్లో ఎక్కువ |
| గెట్టిస్‌బర్గ్, 1993 | అమెరికా | 4 గంటలు దాటుతుంది | బాగా | మధ్యస్థం |
| లింకన్, 2012 | అమెరికా | రెండున్నర గంటలు | బాగా | తక్కువ |
| ద విండ్ దట్ షేక్స్ ద బార్లీ, 2006 | ఐర్లండ్ | 2 గంటల పైన | కొద్దిగా | ఎక్కువ |
| మైకేల్ కాలిన్స్, 1996 | ఐర్లండ్ | 2 గంటల పైన | అక్కర్లేదు | మధ్యస్థం |
| ల్యాండ్ అండ్ ఫ్రీడమ్, 1995 | స్పెయిన్ | 2 గంటల లోపు | కొద్దిగా | మధ్యస్థం |
| ప్యాన్స్ ల్యాబిరింత్, 2006 | స్పెయిన్, యుద్ధం ముగిశాక | 2 గంటలు | అక్కర్లేదు | చాలా ఎక్కువ |
| డాక్టర్ జివాగో, 1965 | రష్యా | 3 గంటలు దాటుతుంది | అక్కర్లేదు | తక్కువ |
| నో మ్యాన్స్ ల్యాండ్, 2001 | బోస్నియా | గంటన్నర పైన | అక్కర్లేదు | మధ్యస్థం |
| కో వాడిస్, ఐడా?, 2020 | బోస్నియా | గంటన్నర పైన | కొద్దిగా | కనిపించదు, కానీ భరించడం కష్టం |
| తేగుక్‌గి, 2004 | కొరియా | రెండున్నర గంటల దగ్గర | అక్కర్లేదు | చాలా ఎక్కువ |
| అమృత, 2002 | శ్రీలంక | రెండుంపావు గంటలు | అక్కర్లేదు | మధ్యస్థం |

## అమెరికా: నాలుగు పేర్లు, నాలుగు పనులు

బానిసత్వం గొడవ మీద విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకూ ఉత్తరాదికీ మధ్య 1861 నుంచి 1865 దాకా సాగిన ఈ యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా సైనికులు చనిపోయారని అంచనా. దాని మీద సినిమాలకు కొదవ లేదు కానీ ఎవర్ని అడిగినా తిరిగి తిరిగి ఈ నాలుగు పేర్లే వస్తాయి.

‘గాన్ విత్ ద విండ్’ (1939) గురించి మొదట చెప్పాల్సింది, దాన్ని చరిత్ర పాఠంగా చూడొద్దని. ఓడిపోయిన దక్షిణాది తన గురించి తాను అల్లుకున్న కథ అది. తోటల యజమానులంతా మర్యాదస్తులు, బానిసలంతా విశ్వాసపాత్రులు. 2020లో అమెరికాలో ఒక స్ట్రీమింగ్ సంస్థ దీన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, నేపథ్యం వివరించే పరిచయాన్ని జతచేసి మళ్లీ తెచ్చింది. ఇందులో నటించిన హాటీ మెక్‌డానియెల్ ఆస్కార్ గెలిచిన తొలి నల్లజాతి నటి, కానీ అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనకు ఆమె రావడానికి వీల్లేకపోయింది. ఇదంతా తెలిసి కూడా ఒక్క షాట్ కోసం చూడొచ్చు. డాక్టర్ కోసం వెతుక్కుంటూ హీరోయిన్ స్కార్లెట్ రైల్వే స్టేషన్ దగ్గరికి వస్తుంది. కెమెరా మెల్లగా వెనక్కి జరుగుతూ పైకి లేస్తుంటే నేలమీద పడున్న క్షతగాత్రులు పదుల నుంచి వందలవుతారు, చివరికి ఫ్రేములోకి చిరిగిన దక్షిణాది జెండా వస్తుంది. ఆ జెండాను తలుచుకుని ఏడవమని సినిమా ఉద్దేశం. ఇప్పుడు చూసేవాళ్లకు ఆ మనుషులే కనిపిస్తారు.

‘గ్లోరీ’ నల్లజాతి సైనికులతో ఏర్పడ్డ 54వ మసాచుసెట్స్ రెజిమెంట్ కథ. నా పరీక్షకు ఇది కాస్త చిక్కు తెస్తుంది. ఇందులో దక్షిణాది సైనికుల ముఖాలు సరిగా కనిపించనే కనిపించవు. అసలు గొడవంతా సొంత సైన్యం లోపలే. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లయితే వీళ్లకు 10 డాలర్లే ఇస్తామన్నారు. బూట్లు కూడా సరిగా ఇవ్వరు. డెంజల్ వాషింగ్టన్ పోషించిన ట్రిప్ బూట్ల కోసమే శిబిరం దాటి వెళ్లి, పారిపోయాడన్న నేరం మీద దొరికిపోతాడు. కొరడా దెబ్బలు కొట్టడానికి చొక్కా లాగేస్తే వీపు నిండా పాత కొరడా మచ్చలు. శిక్ష వేసిన తెల్ల కల్నల్ కళ్లల్లోకి సూటిగా చూస్తూ దెబ్బలు తింటాడు, కంట్లోంచి ఒక్క చుక్క జారుతుంది. దేశాన్ని ఒకటి చేస్తామంటున్న సైన్యం లోపల ఏముందో ఆ ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఆ ఏడాది సహాయ నటుడి ఆస్కార్ ఆయనదే. ఒక మార్పు గుర్తుంచుకోండి. సినిమాలో ఎక్కువమంది పారిపోయి వచ్చిన బానిసల్లా కనిపిస్తారు, నిజానికి ఆ రెజిమెంట్‌లో ఎక్కువమంది ఉత్తరాదిలో స్వేచ్ఛగా బతుకుతున్నవాళ్లే. ఉద్యమ నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కొడుకులిద్దరు అందులో పనిచేశారు, సినిమాలో వాళ్లు లేరు.

‘గెట్టిస్‌బర్గ్’ మ్యాపు ముందు పెట్టుకుని చూసేవాళ్ల సినిమా. 1863 జూలైలో మూడు రోజుల పోరు, ఎవరు ఏ గుట్ట మీద ఉన్నారు, ఎందుకు అక్కడే ఉన్నారు అన్నదంతా ఓపిగ్గా చూపిస్తుంది. ఆ ఆసక్తి లేకపోతే గడ్డాల గుంపులో ఎవరెవరో తేల్చుకోవడానికే రెండు గంటలు పోతాయి. ఇందులో అంతర్యుద్ధం కనిపించేది సేనాపతులు ఆర్మిస్టెడ్, హాన్‌కాక్‌ల స్నేహంలో. యుద్ధానికి ముందు ప్రాణమిత్రులు, ఇప్పుడు ఒకే మైదానానికి అటూ ఇటూ. బానిసత్వం ఊసు మాత్రం తక్కువ.

ఆ లోటు ‘లింకన్’ తీరుస్తుంది. యుద్ధభూమి కంటే గదుల్లోనే ఎక్కువ ఉంటుంది ఈ సినిమా. బానిసత్వాన్ని రద్దుచేసే 13వ రాజ్యాంగ సవరణను 1865 జనవరి 31న ప్రతినిధుల సభలో 119–56 ఓట్లతో ఎలా గట్టెక్కించారో, ఒక్కో ఓటు కోసం ఎంత బేరం నడిచిందో కథ. కనెక్టికట్ రాష్ట్ర ప్రతినిధులు ఇద్దరు వ్యతిరేకంగా ఓటేసినట్టు చూపించారు, నిజానికి నలుగురూ అనుకూలంగానే వేశారు. రాజకీయ బేరసారాలు ఇష్టపడేవాళ్లకు ఇది పండగ. యుద్ధం చూద్దామని వచ్చినవాళ్లు నిద్రపోతారు.

ఒక్కటే చూస్తానంటే ‘గ్లోరీ’.

## ఐర్లండ్: హీరో కావాలా, అన్నదమ్ములు కావాలా

ఈ రెండు సినిమాల మధ్యే ఎంపిక అత్యంత స్పష్టంగా ఉంటుంది, ఎందుకంటే రెండూ దాదాపు అవే ఏళ్ల కథ చెబుతాయి. 1919 నుంచి బ్రిటన్‌తో గెరిల్లా పోరు, 1921 డిసెంబర్‌లో బ్రిటన్ రాజు కిందే స్వయంపాలన ఇచ్చే ఒప్పందం, ఆ ఒప్పందం ఒప్పుకోవాలా వద్దా అన్నదాని మీద 1922–23లో ఐరిష్ వాళ్లలో వాళ్లకే యుద్ధం.

నీల్ జోర్డన్ తీసిన ‘మైకేల్ కాలిన్స్’ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన కాలిన్స్ లాంటి పెద్ద నాయకుల వైపు నుంచి చూస్తుంది. లియామ్ నీసన్ తెరమీదికి వస్తే చాలు, ఊపు వచ్చేస్తుంది. ఎవరు ఎవరితో ఎందుకు విడిపోయారో కొత్తవాళ్లకు కూడా తేలిగ్గా అర్థమవుతుంది. కానీ సినిమా కోసం చాలా సర్దుబాట్లు చేసుకున్నారు. కాలిన్స్‌కు రహస్యాలు చేరవేసిన పోలీసు ఉద్యోగి నెడ్ బ్రాయ్ సినిమాలో చనిపోతాడు. అసలు మనిషి 1972 దాకా బతికాడు. ఒప్పందాన్ని కాదన్న నాయకుడు డి వలేరా పాత్రనైతే దాదాపు విలన్‌ని చేసేశారు.

కెన్ లోచ్ తీసిన ‘ద విండ్ దట్ షేక్స్ ద బార్లీ’ కార్క్ ప్రాంతంలోని ఒక పల్లెలో ఉంటుంది. నాయకులు ఎక్కడో దూరాన. డేమియన్ డాక్టరు, లండన్ ఆస్పత్రిలో ఉద్యోగానికి బయల్దేరబోతున్నవాడు. అన్న టెడ్డీ అప్పటికే తుపాకీ పట్టినవాడు. ఇద్దరూ ఒకే దళంలో చేరతారు. ఒప్పందం తర్వాత ఏమవుతుందో మీరు ఊహించుకోగలరు. ఊహించుకున్నా సరే, చూస్తున్నప్పుడు తట్టుకోవడం కష్టం.

ఈ సినిమాలో అంతర్యుద్ధం కాగితం మీద మొదలవడానికి చాలా ముందే తెరమీద మొదలైపోతుంది. క్రిస్ అనే కుర్రాడు, ఊళ్లో అందరి కళ్లముందు పెరిగినవాడు, జమీందారు బెదిరింపులకు లొంగి దళం జాడ చెప్పేస్తాడు. వాణ్ని కాల్చే పని డేమియన్ మీద పడుతుంది. కాల్చేస్తాడు. ఆ తర్వాత డేమియన్ క్రిస్ తల్లికి విషయం చెప్పి, కొడుకును పాతిపెట్టిన చోటికి తీసుకెళ్తాడు. అది మనకు చూపించరు, డేమియన్ నోటితో వింటాం. గంటల తరబడి నడిచిన ఆమె చివరికి, నీ ముఖం నాకు మళ్లీ చూపించొద్దని మాత్రమే అంటుంది. మరోచోట, సినిమా మొదట్లో బ్రిటిష్ సైనికులు అరుచుకుంటూ చొరబడ్డ ఇంట్లోకే చివర్లో ఐరిష్ సైనికులు అలాగే చొరబడతారు. గుమ్మం అదే, ముసలమ్మ అదే, యూనిఫాం రంగు మారింది. పరీక్షలో నూటికి నూరు ఈ సినిమాకే.

ఇబ్బందులూ ఉన్నాయి. యాస గట్టిగా ఉంటుంది, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా సబ్‌టైటిల్స్ పెట్టుకోవాలి. గోళ్లు పీకే సన్నివేశం ఒకటుంది. దర్శకుడి మొగ్గు ఒప్పందాన్ని వ్యతిరేకించిన వైపే అన్నది దాచలేదు. ఇంట్లో నలుగురితో చూడాలంటే ‘కాలిన్స్’. ఒంటరిగా చూడగలిగితే రెండోదే. రెండూ చూసే ఆలోచన ఉంటే మాత్రం ‘కాలిన్స్’తో మొదలుపెట్టండి. పేర్లూ తేదీలూ దాన్నుంచి వచ్చేస్తాయి కాబట్టి రెండోసారి మనుషుల మీద ధ్యాస పెట్టొచ్చు.

## స్పెయిన్: వాదనా, పీడకలా

1936 జూలైలో సైనిక తిరుగుబాటుతో మొదలై 1939 ఏప్రిల్‌లో తిరుగుబాటు నాయకుడు జనరల్ ఫ్రాంకో గెలుపుతో ముగిసిన యుద్ధం. ఆయన 1975లో చనిపోయేదాకా పాలించాడు కాబట్టి స్పెయిన్ సినిమాల్లో యుద్ధం కంటే దాని తర్వాతి భయమే ఎక్కువ కనిపిస్తుంది.

‘ల్యాండ్ అండ్ ఫ్రీడమ్’ కూడా కెన్ లోచ్‌దే. లివర్‌పూల్‌లో పనిలేని ఒక కమ్యూనిస్టు యువకుడు ఫ్రాంకోకు వ్యతిరేకంగా పోరాడ్డానికి స్పెయిన్ వెళ్తాడు. ఒక ఊరిని విడిపించాక అక్కడి భూములన్నీ ఉమ్మడి చేయాలా, చిన్న రైతుల భూమి వదిలేయాలా అని ఊరివాళ్లూ దళంవాళ్లూ ఒక గదిలో కూర్చుని వాదించుకునే సన్నివేశం చాలాసేపు నడుస్తుంది. తుపాకులేవీ పేలవు. కొందరికి అక్కడే బోర్ కొట్టి ఆపేస్తారు, నాకైతే సినిమా మొత్తంలో టెన్షన్ అంతా అక్కడే ఉంది. తర్వాత 1937 మేలో బార్సిలోనా వీధుల్లో ఫ్రాంకో వ్యతిరేకులే రెండుగా చీలి ఒకరినొకరు కాల్చుకుంటారు. వీధి అవతలి నుంచి కాలుస్తున్నవాడు మాంచెస్టర్ మనిషని గొంతు వినగానే తెలుస్తుంది. నువ్వు అటెందుకున్నావని ఇవతలివాడు అరిస్తే వాడి దగ్గర జవాబు ఉండదు.

‘ప్యాన్స్ ల్యాబిరింత్’ 1944లో, కొండల్లో మిగిలిన తిరుగుబాటుదారుల్ని వేటాడే ఒక కెప్టెన్ శిబిరంలో జరుగుతుంది. పోస్టర్‌లో చిన్నపిల్ల, పాతాళలోకపు వింత జీవులు కనిపిస్తాయి కాబట్టి పిల్లల సినిమా అనుకునేరు, కానే కాదు. కెప్టెన్ ఒక పల్లెటూరి యువకుణ్ని సీసాతో కొట్టే సన్నివేశం పెద్దవాళ్లే చూడలేరు. ఇందులో గమనించాల్సింది గిడ్డంగి తాళంచెవి. తిండి రేషన్ మీద ఇచ్చే రోజుల్లో ఆ తాళం ఎవరి దగ్గరుంది, రెండోది ఇంకెవరి దగ్గరుంది అన్నదాని చుట్టూ సగం కథ తిరుగుతుంది. అదే దర్శకుడు గియెర్మో డెల్ టోరో 2001లో తీసిన ‘ద డెవిల్స్ బ్యాక్‌బోన్’ అంత పేరు తెచ్చుకోలేదు కానీ నాకు అదే ఎక్కువ నచ్చింది. యుద్ధం ముగింపుకొస్తున్న రోజుల్లో ఒక అనాథాశ్రమం, ఆవరణ మధ్యలో పేలకుండా నేలలో దిగబడిపోయిన బాంబు, ఒక దెయ్యం.

రాజకీయం కావాలంటే లోచ్, కథ కావాలంటే డెల్ టోరో. ఈ రెండింటికి మధ్యలో బేరం లేదు.

## రష్యా

‘డాక్టర్ జివాగో’కి పెద్ద తెర కావాలి. ఫోన్‌లో చూస్తే సగం సినిమా పోయినట్టే. సోవియట్ దేశంలో ఆ నవలే నిషేధం కాబట్టి ఆ మంచునంతా చాలావరకు స్పెయిన్‌లో సృష్టించారు. ప్రేమకథే ముందు, యుద్ధం వెనక. అయినా 1917 విప్లవం వైపు పోరాడే ఎర్రసేన గెరిల్లాలు పొలంలో విప్లవ వ్యతిరేక తెల్లసేన దండు ఒకదాన్ని కాల్చిపడేసి, దగ్గరికి వెళ్లి చూస్తే అంతా బడిపిల్లల వయసువాళ్లేనని తేలే సన్నివేశం మాత్రం వెన్నులో చలి పుట్టిస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడేది హంగేరీ దర్శకుడు మిక్లోష్ యాంచో తీసిన ‘ద రెడ్ అండ్ ద వైట్’ (1967). అక్టోబర్ విప్లవం యాభయ్యేళ్ల సందర్భంగా తీయించుకున్న సినిమా, సోవియట్ అధికారులకు అస్సలు నచ్చలేదు. కారణం చూస్తే తెలుస్తుంది. ఎవరు గెలుస్తున్నారో తెలిసేలోపే గెలిచినవాడు బందీ అయిపోతాడు, బందీని పరుగెత్తమని చెప్పి వెనకనుంచి కాలుస్తారు. హీరో అనుకుని ఎవరి వెంట పడినా లాభం లేదు. సినిమా భాష మీద ఆసక్తి ఉన్నవాళ్లు తప్పక చూడాలి. మిగతావాళ్లు నిశ్చింతగా వదిలేయొచ్చు.

## బోస్నియా: ఒక కందకం, ఒక శిబిరం

1992–95 మధ్య జరిగిన ఈ యుద్ధంలో సుమారు లక్ష మంది చనిపోయారు. ‘నో మ్యాన్స్ ల్యాండ్’ ఆ యుద్ధాన్నంతా ఒక కందకంలోకి కుదించింది. రెండు సైన్యాల మధ్య చిక్కుకుపోయిన ఒక బోస్నియన్, ఒక సెర్బ్, వాళ్లతోపాటు లేస్తే పేలిపోయే మందుపాతర మీద పడుకున్న మూడోవాడు. యుద్ధం ఎవరు మొదలెట్టారన్న వాదన వస్తే తుపాకీ ఎవరి చేతిలో ఉంటే వాడిదే సరైన జవాబు. తుపాకీ చేతులు మారగానే జవాబూ మారుతుంది. కాసేపటికి మాటల్లో ఇద్దరికీ తెలిసిన ఒక అమ్మాయి సంగతి వస్తుంది, ఇద్దరి ముఖాలూ వెలిగిపోతాయి. ఆ నిమిషంలో వాళ్లు మామూలు కుర్రాళ్లు. నవ్విస్తూనే గొంతు పట్టుకునే సినిమా. 2002 ఆస్కార్లలో ‘లగాన్’ను దాటి విదేశీ చిత్రం అవార్డు ఎగరేసుకుపోయింది ఇదే. ఆ కోపంతో చూడకుండా మానేసినవాళ్లుంటే ఇప్పుడైనా చూడండి.

‘కో వాడిస్, ఐడా?’లో నవ్వు లేదు. 1995 జూలైలో స్రెబ్రెనిట్సా అనే ఊరు, సెర్బ్ సైన్యం ఎనిమిది వేలకు పైగా బోస్నియాక్ (బోస్నియా ముస్లిం) మగవాళ్లనూ అబ్బాయిల్నీ చంపేసిన ఊచకోత. ఐడా టీచరు, ఇప్పుడు ఐక్యరాజ్యసమితి శిబిరంలో డచ్ సైనికులకు దుబాసీ. ఒకవైపు అధికారుల మాటల్ని వేలమందికి అనువదించాలి, మరోవైపు భర్తనూ ఇద్దరు కొడుకుల్నీ లోపలికి తెచ్చుకోవాలి. గేటు బయట కాపలా ఉన్న ఒక సెర్బ్ సైనికుడు ఆమెను చూడగానే టీచర్ అని పలకరించి, కొడుకు ఎలా ఉన్నాడని అడుగుతాడు. వాడు ఆమె పాత విద్యార్థి. ఆమె జవాబు చెప్పడానికి ఎందుకు వణుకుతుందో మనకు అప్పుడు తెలుస్తుంది. ఐడాగా చేసిన యస్నా జురిచిచ్ స్వయంగా సెర్బియా నటి.

మొదటిసారి ఈ యుద్ధం దగ్గరికి వస్తున్నవాళ్లకు ‘నో మ్యాన్స్ ల్యాండ్’. ‘ఐడా’కి ముందు స్రెబ్రెనిట్సా గురించి నాలుగు ముక్కలు చదువుకోండి. మరుసటి రోజు పొద్దున్నే ముఖ్యమైన పనేదీ పెట్టుకోకుండా చూడండి.

## కొరియా

‘తేగుక్‌గి’ని కొరియాలో కోటి మందికి పైగా థియేటర్లో చూశారు. బూట్లు పాలిష్ చేసే అన్న, చదువుకుంటున్న తమ్ముడు, 1950లో యుద్ధం మొదలవగానే ఇద్దర్నీ సైన్యంలోకి లాక్కుపోతారు. పతకం తెచ్చుకుంటే తమ్ముణ్ని ఇంటికి పంపించొచ్చని అన్న తెగించి పోరాడతాడు. మన మాస్ సినిమాలకు అలవాటుపడ్డవాళ్లకు ఇది ఇట్టే ఎక్కేస్తుంది: సెంటిమెంటు, భారీ యుద్ధాలు, కన్నీళ్లు. అతి అనిపించే చోట్లున్నాయి, ఒప్పుకుంటాను. కానీ తిండిగింజలిస్తామంటే ఒక కాగితం మీద పేరు రాయించుకున్న పాపానికి ఇంటిమనిషిని కమ్యూనిస్టంటూ దక్షిణ కొరియా వాళ్లే లాక్కెళ్లే సన్నివేశం ఒక్కటి చాలు, ఈ సినిమా ఉత్త యుద్ధం బొమ్మ కాదని తెలుస్తుంది. శవాలు, తెగిన అవయవాలు చాలానే ఉంటాయి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

## శ్రీలంక: మూడు దిక్కుల నుంచి

1983 నుంచి 2009 దాకా నడిచిన యుద్ధం మీద మణిరత్నం ‘అమృత’ చాలామంది ఇప్పటికే చూసుంటారు. తనను పెంచుకున్నారని తెలిసిన చిన్నపిల్ల, కన్నతల్లిని వెతుక్కుంటూ యుద్ధంలోకి వెళ్తుంది. పాటలున్నాయి, కుటుంబంతో చూడొచ్చు, పిల్ల కళ్లతో చూస్తాం కాబట్టి రాజకీయం ఏమీ తెలియకపోయినా ఫర్వాలేదు. ఆ తెలియకపోవడమే దీని పరిమితి కూడా. ఎవరు ఎందుకు కొట్టుకుంటున్నారన్నది సినిమా చివరికి కూడా మసకగానే ఉంటుంది.

దానికి విరుగుడు అటువైపు నుంచి వచ్చిన ‘పురహంద కలువర’ (1997). ప్రసన్న వితానగే తీసిన సింహళ సినిమా, గంటన్నర లోపే. చూపులేని ముసలి తండ్రి దగ్గరికి సైన్యంలో పనిచేసే కొడుకు శవపేటిక వస్తుంది, సీలు వేసి, తెరవకూడదన్న ఆజ్ఞతో. కొడుకు చనిపోయాడంటే ఆయన నమ్మడు, నష్టపరిహారం కాగితం మీద సంతకం పెట్టడు. ఇల్లు గడవక కూతురూ ఊరివాళ్లూ పెట్టమని ఒత్తిడి చేస్తారు. యుద్ధం ఒక్క నిమిషం కూడా కనిపించదు. ప్రభుత్వం ప్రదర్శన ఆపేస్తే దర్శకుడు సుప్రీంకోర్టుకెక్కి గెలిచాడు. నెమ్మదిగా నడిచే సినిమాలు ఇష్టపడేవాళ్లకు ఈ మొత్తం జాబితాలో నా మొదటి సలహా ఇదే.

మూడోది ‘దీపన్’ (2015). యుద్ధం అయిపోయాక పారిపోయిన ఒక పోరాటయోధుడు, ఒక ఆడమనిషి, ఒక పిల్ల, ముగ్గురూ ఒకరికొకరు ఏమీ కారు, చనిపోయిన ఒక కుటుంబం పాస్‌పోర్టులతో ఫ్రాన్స్ చేరతారు. ముఖ్యపాత్ర చేసిన నటుడు చిన్నతనంలో నిజంగానే ఎల్‌టీటీఈలో ఉన్నవాడు. చివరి అరగంట యాక్షన్ సినిమా దారి పట్టడం నాకు నచ్చలేదు, మిగతాదానికి వంక పెట్టలేం.

## మిగిలినవి, రెండు మూడు మాటల్లో

రువాండాలో 1994 నాటి మారణకాండకి ‘హోటల్ రువాండా’ తేలిక దారి, హింస దాదాపు తెర వెనకే ఉంచారు. అయితే హోటల్ మేనేజర్ని అంత హీరోగా చూపించడాన్ని అక్కడ తలదాచుకున్నవాళ్లలో కొందరు గట్టిగా కాదన్నారు. రువాండాలోనే తీసిన ‘సమ్‌టైమ్స్ ఇన్ ఏప్రిల్’ నా పరీక్షకు మరింత నిలబడుతుంది: అన్నదమ్ముల్లో ఒకడు సైన్యంలో, రెండోవాడు విషం చిమ్మే రేడియోలో.

‘ఇన్సెండీస్’ దేశం పేరు చెప్పదు, లెబనాన్ అని ఇట్టే పోల్చుకోవచ్చు. ఒక బస్సు సన్నివేశం ఉంది. అంతకుముందు ప్రాణం కోసం హీరోయిన్ దాచుకున్న మెడలోని శిలువనే, మరో గుంపు వచ్చేసరికి ప్రాణం కోసం బయటికి తీసి చూపించాల్సి వస్తుంది. 1975లో బేరూత్‌లో ఒక బస్సు మీద దాడితోనే లెబనాన్ యుద్ధం రాజుకుంది.

కల్పిత కథలతో విసిగిపోతే ‘ఫర్ సమా’ (2019). సిరియాలోని అలెప్పో నగరం ముట్టడిలో వాద్ అల్ కతీబ్ అనే తల్లి తన పసికూతురి కోసం తీసుకున్న వీడియోలే సినిమా. గర్భిణులూ కొత్తగా తల్లులైనవాళ్లూ దీని జోలికి ఇప్పుడు వెళ్లకపోవడమే మంచిది.

ఇక ‘సివిల్ వార్’ (2024) జరగని యుద్ధం. టెక్సస్, కాలిఫోర్నియా ఒక్కటై అమెరికా ప్రభుత్వం మీదికి వెళ్తాయి, ఎందుకో చెప్పరు. చెప్పకపోవడం తెలివని కొందరు, పిరికితనమని కొందరు. నేను రెండోవైపు. శబ్దం అదిరిపోతుంది, ఫొటోగ్రాఫర్ల వృత్తి గురించి బాగా చెబుతుంది. మీరెలాంటి అమెరికన్లు అని ఒక సైనికుడు తుపాకీ పట్టుకుని తాపీగా అడిగే సన్నివేశంలో మాత్రమే అది నిజంగా అంతర్యుద్ధమవుతుంది.

## ఎవరికి ఏది

ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే ‘అమృత’, కాస్త పెద్దవాళ్లయితే ‘గ్లోరీ’. పోటీ పరీక్షలకో పాఠాలకో చరిత్ర చదువుతున్నవాళ్లు ‘లింకన్’, ‘మైకేల్ కాలిన్స్’ చూసి, సినిమా ఎక్కడ మార్చిందో పక్కన రాసుకుంటే రెండుసార్లు చదివినంత లాభం. సబ్‌టైటిల్స్ అలవాటు లేనివాళ్లు ‘నో మ్యాన్స్ ల్యాండ్’తో మొదలుపెట్టొచ్చు, పాత్రలు తక్కువ, మాటలు చిన్నవి. పోరు సన్నివేశాలే కావాలంటే ‘తేగుక్‌గి’, ఓపిక ఇంకా మిగిలితే ‘గెట్టిస్‌బర్గ్’ను మధ్యలో ఆపి రెండు రోజులుగా. ఇలాంటి వేదన సొంత కుటుంబంలో దగ్గరగా చూసినవాళ్లకు ‘ఐడా’, ‘ఫర్ సమా’ నేను సూచించను. వాళ్లకై వాళ్లు అడిగితే తప్ప.